నాస్కార్‌కి కుర్రకారు కావాలంటే తిట్లు, గొడవలు చూపించాలా

అమెరికాలో కార్ రేసులు నడిపే నాస్కార్‌ని చూసేవాళ్ల వయసు పెరిగిపోతోంది, కుర్రాళ్లు రావాలంటే వీడియోల్లో, పాడ్‌కాస్టుల్లో కాస్త ఘాటు పెంచాలి, తిట్లూ గొడవలూ యాక్సిడెంట్లూ బాగా చూపించాలి అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. నాకైతే ఇది సగమే కరెక్ట్ అనిపిస్తుంది.

నేను ఈ పిచ్చిలో పడిందే ఒక చిన్న క్లిప్ చూసి. 2022 అక్టోబర్, మార్టిన్స్‌విల్ ట్రాక్, ఆఖరి ల్యాప్, డ్రైవర్ రాస్ చాస్టెయిన్ పదో ప్లేస్‌లో ఉన్నాడు, ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కి వెళ్లాలంటే ఇంకో ఇద్దర్ని దాటాలి, మామూలుగా అయితే అవ్వదు. అందరూ బ్రేక్ తొక్కే చోట ఇతను గేర్ మార్చి, కారుని గోడకి ఆనించేసి, ఫుల్ స్పీడ్‌లో గోడ వెంటే గీసుకుంటూ ఐదుగుర్ని దాటేశాడు. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో అలా ఆడేవాణ్ణని తర్వాత చెప్పాడు! అందులో ఒక్క బూతు లేదు, ఎవరూ స్క్రిప్ట్ రాయలేదు, ఐనా అసలు రేసింగ్ అంటే తెలియనివాళ్లు కూడా చూశారు. ప్రమాదం కాబట్టి మళ్లీ చేస్తే పెనాల్టీ అని నాస్కార్ తర్వాత చెప్పింది, అది న్యాయమే.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే. 2004లో టల్లడెగా ట్రాక్‌లో గెలిచిన డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ ఆ సంతోషంలో టీవీలో ఒక బూతు మాట అనేశాడు, అంతే, 25 పాయింట్లు కోసి 10,000 డాలర్లు ఫైన్ వేశారు, ఛాంపియన్‌షిప్ లీడ్ పోయింది. 2023లో ఇంకో డ్రైవర్ డెన్నీ హామ్లిన్ తన పాడ్‌కాస్ట్‌లో, ఫీనిక్స్ రేస్‌లో చాస్టెయిన్‌ని కావాలనే గోడకేసి నెట్టానని ఒప్పుకుంటే దానికీ 25 పాయింట్లే, పైగా 50,000 డాలర్ల ఫైన్. కావాలని గుద్దితే శిక్ష పడాల్సిందే, అందులో నాకు డౌట్ లేదు, కానీ నోరు జారిన మాటకీ కారుతో గుద్దినదానికీ పాయింట్ల లెక్క ఒకటేనా? ఇలా చేస్తే ఏ డ్రైవర్ మైక్ ముందు మనసులో మాట చెప్తాడు, స్పాన్సర్ల పేర్లు అప్పజెప్పి వెళ్లిపోతాడు, కుర్రాళ్లకి బోర్ కొట్టేది అదే కదా.

అలాగని ఏదన్నా ఘాటే అనుకోకూడదు. 2020లో ఆన్‌లైన్ రేస్ స్ట్రీమ్ నడుస్తుండగా కైల్ లార్సన్ అనే డ్రైవర్ నల్లజాతి వాళ్లని అవమానించే మాట వాడాడు, సస్పెండ్ చేశారు, టీమ్ తీసేసింది. మరుసటి ఏడాది తిరిగొచ్చి ఛాంపియన్ అయ్యాడనుకోండి, కానీ ఆ మాట విన్న పిల్లలకి ఈ ఆట మాది కాదు అనిపిస్తే వాళ్లని ఏ వీడియో వెనక్కి తెస్తుంది? యాక్సిడెంట్లని మ్యూజిక్ పెట్టి రీల్స్ చేయడం కూడా నాకు నచ్చదు, 2001 డేటోనా రేస్‌లో ఆఖరి ల్యాప్‌లో గుద్దుకుని, ఆ జూనియర్ వాళ్ల నాన్న డేల్ ఎర్న్‌హార్ట్ సీనియర్ చనిపోయిన ఆట ఇది.

అసలు కావాల్సిన ఘాటు ఎప్పట్నుంచో వీళ్ల దగ్గరే ఉంది. ట్రాక్‌కి వెళ్లే ఫ్యాన్స్ స్కానర్ అనే చిన్న రేడియో పెట్టుకుని డ్రైవర్‌కీ, అతని టీమ్‌ని నడిపే క్రూ చీఫ్‌కీ మధ్య రేడియో మాటలు లైవ్‌లో వింటారు. కారు సరిగ్గా తిరగట్లేదని డ్రైవర్ అరుస్తుంటే, అవతలి మనిషి, వచ్చే పిట్ స్టాప్‌లో (టైర్లు, పెట్రోల్ కోసం కారు ఆగినప్పుడు) సరిచేద్దాంలే అని నిదానంగా సర్దిచెప్తుంటే, రేస్ అంతా వేరేలా అర్థమవుతుంది. వాటిని కోసి చిన్న చిన్న క్లిప్పులుగా పెట్టండి చాలు, బూతుల మీద బీప్ వేసినా పర్లేదు, ఆ గొంతుల్లో టెన్షన్ మాత్రం తీసేయకండి.