చింతాద్రిపేటలో ఏటిని వెతుకుతూ

చింతాద్రిపేటను కూవం నది మూడు వైపులా చుట్టుకొని ఉంటుందని పటంలో చూసిన నాటి నుంచి, ఆ గట్టు వెంట ఒక ఉదయం నడవాలన్న కోరిక నాలో ఉండిపోయింది. చెన్నైకి వచ్చి పదకొండేళ్లయినా, మౌంట్ రోడ్డు మీద బస్సులో పోతూ ఆ పేట సందులను కిటికీలోంచి చూడడమే తప్ప లోపల అడుగు పెట్టలేదు. మొన్న మాఘమాసంలో వెంకటగిరి నుంచి మా మేనమామ వచ్చినప్పుడు, ఆదివారం పొద్దున్నే ఆయనను వెంటబెట్టుకొని తిరుమయిలై స్టేషనులో రైలెక్కి చింతాద్రిపేటలో దిగాను.

స్టేషను బయట టీ కొట్టులో నది ఎటువైపని తమిళంలో అడిగాను. నా యాసను బట్టి పోల్చుకున్నాడేమో, కొట్టాయన తెలుగులోనే, "నదా? ఇక్కడ నదేమీ లేదండీ" అన్నాడు. కూవం అని చెప్పేసరికి నవ్వి, "కూవమా! వాసన వచ్చే వైపు పోండి" అన్నాడు.

"చింత సరే, అద్రి ఏదిరా? ఇక్కడ గుట్ట కూడా లేదే" అని మామయ్య దారిలో అడిగారు. ఆ పేరులో కొండ లేదు. తమిళంలో 'తఱి' అంటే మగ్గం; 'చిన్న తఱి పేట్టై' అన్న మాటే వాడుకలో అరిగి చింతాద్రిపేట అయింది. 1734లో మద్రాసు గవర్నరుగా ఉన్న జార్జి మోర్టన్ పిట్, ఈస్టిండియా కంపెనీ ఎగుమతులకు కావలసిన బట్ట నేయించడానికి ఈ నది మలుపులో సాలెవారి కోసం ఊరు కట్టించాడు. అంతకు ముందు ఇది సుంకు రామ అనే వర్తకుడి తోట. పేరును బట్టి తెలుగువాడేనని నా నమ్మకం. జార్జి టౌనులో ఆయన పేరిట ఒక వీధి నేటికీ ఉంది.

మామయ్య నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చున్న మనిషి. తోటలో ఊరెందుకు కట్టారన్న సందేహం నాకు ఉండేది గానీ, ఆయనకు రాలేదు. పడుగును బారుగా సాగదీసి గంజి పెట్టాలంటే పొడవాటి ఖాళీ కావాలి, ఎండ నేరుగా తగిలితే నూలు పెళుసెక్కి తెగుతుంది గనుక దాని మీద చెట్ల నీడ ఉండాలి, నేసిన బట్టను చలువ చేయడానికి పారే నీరు దగ్గరలో ఉండాలి. ఈ మూడూ ఒకేచోట దొరికే తావును ఏ సాలెవాడైనా వదులుకోడని ఆయన వివరించారు. అయ్యా మొదలి వీధిలో నడుస్తూ ఒక్క మగ్గం చప్పుడైనా వినపడుతుందేమోనని ఆయన రెండుసార్లు ఆగారు. వినపడినవి అచ్చు యంత్రాల మోత, ఎక్కడో కుక్కరు కూత.

పక్కపక్కనే ఉన్న ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వరర్ గుళ్లను దర్శించుకొని, 1847 నాటి జయాన్ చర్చిని బయటి నుంచే చూసి, ఏటిని వెతకడంలో పడ్డాము. పటం ప్రకారం ఏ వీధిలో పోయినా చివర నీరు కనపడాలి. నిజానికి ఒక వీధి చివర గోడ ఉంది, ఇంకొక దాని చివర ఇనుప తలుపు ఉంది, మూడవ దాని చివర మూటలు దింపుతున్న లారీ అడ్డంగా నిలబడి ఉంది. ఇళ్లన్నీ నదికి వీపు పెట్టి కూర్చున్నాయి. వెనకవైపు కిటికీలు ఉన్న ఒకటి రెండు ఇళ్లలో కూడా అవి మూసే ఉన్నాయి.

చివరకు ఎగ్మోరు వైపు పోయే వంతెన ఎక్కితే గానీ కూవం కనపడలేదు. నీరు నల్లగా, కదలిక తెలియకుండా పరుచుకొని ఉంది. ఒడ్డున గుర్రపుడెక్క మీద నిలబడి రెండు తెల్లకొంగలు ఓపికగా ఏదో వెతుక్కుంటున్నాయి. పై నుంచి రావలసిన నీటిలో చాలా భాగాన్ని నగరపు తాగునీటి కోసం మళ్లించారు. కింద సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తుంది. నడుమ ఊరి మురుగంతా వచ్చి కలుస్తుంది. పైనీరూ రాక, కింది దారీ లేక మిగిలిన నీటిని మురికి ఏరని తిట్టడం నాకు న్యాయంగా తోచలేదు గానీ, ముక్కు మూసుకోకుండా ఉండలేకపోయానన్నది కూడా నిజమే.

ఈ నీటిలోనే కంపెనీ కాలపు వర్తకుడు, దాత అయిన పచ్చయప్ప మొదలియారు రోజూ స్నానం చేసి, పక్కనే ఉన్న కోమళీశ్వరుని గుడికి వెళ్లేవారని చెబుతారు. ఆయన 1794లో పోయారు. ఆయన ఆస్తితో వెలసిన విద్యాసంస్థలు తెలుగువారికీ కొత్తవి కావు. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ అంతకు ముందు, 1837లో, రోడ్లకు కావలసిన రాయి తేవడానికి రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వంతెన దాకా పట్టాలు వేయించాడు. దేశంలో మొదటి రైలు అదేనంటారు. ఆ సంగతి తెలిపే గుర్తు మాకైతే ఎక్కడా కనపడలేదు.

మామయ్యను నిజంగా కదిలించింది బకింగ్‌హాం కాలువ. కాకినాడ నుంచి నెల్లూరు సీమ మీదుగా వచ్చే ఆ కాలువ ఈ పరిసరాల్లోనే కూవంలో కలుస్తుంది. ఇక్కడి నుంచి అడయారు దాకా ఉన్న తునకను 1877-78 కరువులో కూలీలకు పని కల్పించడానికి తవ్వించారు. మేము ఎక్కి వచ్చిన రైలు దారి స్తంభాలు చాలా దూరం ఆ కాలువలోనే దిగి ఉన్నాయని చెప్పాను. ఆయన తండ్రి కుర్రతనంలో కట్టెల పడవ మీద కృష్ణపట్నం వైపు నుంచి మద్రాసు దాకా వచ్చేవారట. "మా నాయన నీళ్ల మీద వచ్చిన దారిన మనం గాలిలో వచ్చామన్నమాట" అని ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తిరిగి వస్తూ చేపల బజారులో దూరాము. ఆదివారం కావడంతో కాలు పెట్టే చోటు లేదు. ఒకామె కత్తిపీటను కాలి కింద అదిమిపెట్టి, వంజరాన్ని రెండు చేతులా పట్టుకొని, చూస్తుండగానే ముక్కలు చేసేస్తున్నది. ముక్కలన్నీ కొలిచినట్టు ఒకే మందం. మామయ్య ఆ చేతులనే చూస్తూ నిలబడ్డారు. ఆమె తలెత్తకుండానే, "ఏం నాయనా, నెల్లూరా?" అన్నది. ఎలా తెలిసిందని నేను అడిగితే, బేరమాడకుండా ఇంతసేపు చూసేది ఆ ఊరివాళ్లేనన్నది. ఆ మాట పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక, కిలో నెత్తళ్లు ఆమె చెప్పిన ధరకే కొన్నాము.

రైల్లో సంచి అడుగు నుంచి నీరు కారుతుంటే ఎదుటి బల్ల మీది అమ్మాయి కాళ్లు పక్కకు జరుపుకొన్నది. "కూవం కాదమ్మా, నెత్తళ్లు" అని మామయ్య తెలుగులో సంజాయిషీ చెప్పుకొన్నారు.