మూడుసార్లు పులిసే ఎర్ర వైన్

వెర్నాచ్చ అంటే నాకు తెలిసింది సాన్ జిమిన్యానో ఊరి తెల్ల వైనే. అందుకే ఇటలీలో మార్కె ప్రాంతం, మాచెరాత జిల్లా కొండల్లో ఉన్న సెర్రపెత్రోనలో గ్లాసు నిండా నురగతో ముదురు ఎరుపు వైన్ పోసేసరికి, సీసా తప్పు తీశారేమో అనుకున్నా. తప్పేం లేదట. ఒకదానికొకటి సంబంధం లేని ద్రాక్ష రకాలు కొన్నిటికి ఇటలీలో అదే పేరుంది, ఈ ఊరిది మాత్రం నల్ల ద్రాక్ష, వెర్నాచ్చ నేర.

నేను వెళ్లింది నవంబర్లో. ఆ నెలలో ద్రాక్ష ఆరబెట్టే గదులు జనం చూడ్డానికి తెరిచిపెడతారు. వాసాల నుంచి కిందిదాకా గుత్తులే గుత్తులు, దండెం మీద బట్టల్లా వేలాడుతున్నాయి, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక పండు నోట్లో వేసుకున్నా. కిస్మిస్ కాదు, అంత ఎండలేదు, వడలింది అంతే, తొక్క ముడతలు పడి లోపల గుజ్జు జిగురుగా, తీపి గొంతులో పట్టేసింది.

ఇదేదో ఆ ఊరి సరదా కాదు, రూలే అది. ద్రాక్షలో కనీసం 40 శాతం ఇలా ఆరబెట్టి తీరాలి, మొత్తంలో 85 శాతమైనా వెర్నాచ్చ నేర ఉండాలి. తాజా ద్రాక్షని కోత అవ్వగానే పులియబెడతారు. జనవరి వచ్చాక వడలిన గుత్తులు పిండి ఆ చిక్కటి రసం ఇందులో కలిపితే, చల్లబడ్డ వైన్ మళ్లీ పొంగడం మొదలెడుతుంది, నెలల తరబడి, మెల్లగా. ఆ తర్వాత మూత బిగించి మూడోసారి, బుడగల కోసం. ఇంత చాకిరీ చేసే ఊరు ఎంతుంటుంది? సెర్రపెత్రోన, పక్కన బెల్‌ఫోర్తె దెల్ కియెంతి, సాన్ సెవెరీనోల్లో కొంత భాగం, అంతే. 1971లో డీఓసీ, అంటే ఏ ఊళ్లో ఎలా చేయాలో చట్టం కట్టే ఇటలీ వైన్ గుర్తింపు, 2003లో దాని పై మెట్టు డీఓసీజీ.

తియ్యటిది దోల్చే, తీపి లేనిది సెక్కో. అందరూ కాల్చిన చెస్ట్‌నట్లతో దోల్చే తాగుతున్నారు కానీ నాకు సెక్కోనే నచ్చింది, చివర్లో కాస్త చేదు తగులుతుంది.

బస్సు టైమైపోతోందన్న టెన్షన్లో ఒక సీసా కొనుక్కుని వచ్చేశా. ఇంటికొచ్చి తీస్తే టప్‌మనలేదు, నురగా లేదు. లేబుల్ చూస్తే ఉత్త 'సెర్రపెత్రోన' అని ఉంది, అదే ద్రాక్షతో చేసే బుడగల్లేని వైన్, దాని డీఓసీ వేరు. అదీ బాగానే ఉందనుకోండి.