నియమమా, పెంపకమా?

"ఈ మాట మన నిబంధనల్లో ఎక్కడుందో చూపించండి" అని మా మేనేజరు అడిగినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. బహుశా అందుకే నాకు ఎక్కువ కష్టం కలిగింది. ఇంటి అప్పు కోసం వచ్చిన ఒక పేకాటగాడి ఫైలులో, ఆదాయం గురించి రాయవలసిన చోట, "జూదపు సొమ్ము, నమ్మదగిన మనిషి కాదు" అని రాసింది నేనే. మొదటి సగం సమాచారమనీ, రెండో సగం నా పెంపకమనీ చెప్పి, దాన్ని తీసేసి మళ్లీ రాయమన్నారు.

బ్రిటన్‌లో ఇంటి అప్పులు కుదిర్చే ఒక మార్ట్‌గేజ్ బ్రోకర్ ఆఫీసులో పనిచేసే నాకు ఆ రెండో సగం నిజంగానే నిబంధన అనిపించింది. పేకాట అన్న మాట చెవిన పడగానే ఇల్లు గుల్ల కావడం గుర్తొచ్చేలా పెరిగినవాళ్లం కదా మనం.

కాని ఈ దేశం అతనికి అప్పు ఇవ్వడానికి వెనకాడేది అందుకు కాదు. జూదంలో గెలిచిన డబ్బు మీద ఇక్కడ ఆటగాడు ఆదాయపు పన్ను కట్టనక్కరలేదు. గుర్రప్పందేల మీదే బతికిన ఒక మనిషి చేసేది వ్యాపారం కాదని 1925లో, గ్రాహం వర్సెస్ గ్రీన్ కేసులో, కోర్టు తేల్చింది. 2001లో పందెం సుంకం పద్ధతి కూడా మారి, ఆ భారం పందెం కంపెనీల లాభాల మీదికి వెళ్లింది. వినడానికి అదృష్టంలాగే ఉంటుంది. అయితే సొంత వ్యాపారం చేసుకునేవారు అప్పుకు వచ్చినప్పుడు సాధారణంగా రెండు మూడేళ్ల పన్ను లెక్కలు, అంటే ఎస్‌ఏ302 పత్రాలు, చూపిస్తారు. పన్నే లేనివాడు ఏ పత్రం తెస్తాడు? సంపాదన ఎంతో తానే రాసి సంతకం పెడితే అప్పిచ్చే పద్ధతికి 2014 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలు తెర దించాయి.

ఇంకో విచిత్రం ఏమిటంటే, అదే డబ్బు ఇంటికి ముందుగా కట్టే డిపాజిట్‌గా వస్తే దారి ఉంది. క్యాసినో ఇచ్చిన లెక్క, బ్యాంకు స్టేట్‌మెంటు సరిపోతే, ఆ సొమ్ము ఎక్కడిదని అడిగే సొలిసిటరు, అంటే ఇంటి కొనుగోలు చూసే లాయరు, తృప్తి పడవచ్చు. పోగైన డబ్బుగా దానికి చెల్లుబాటు ఉంది, నెలనెలా వచ్చే డబ్బుగా లేదు. దీన్ని నేను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా మింగుడు పడలేదు.

ఆ మనిషి తనతో ఒక గట్టి అట్ట పుస్తకం తెచ్చాడు. ఆరేళ్ల లెక్క అది. తేదీ, కూర్చున్న గంటలు, తీసుకెళ్లిన డబ్బు, తిరిగి తెచ్చిన డబ్బు. గెలిచిన రోజు నీలి సిరా, ఓడిన రోజు ఎర్ర సిరా. వరుసగా పదకొండు ఎర్ర గీతలున్న పేజీని దాటవేయకుండా తనే తెరిచి నా ముందు పెట్టాడు. నెల జీతగాళ్లు క్రెడిట్ కార్డు బాకీలను "మరిచిపోయి" రావడం వారం వారం చూసే నాకు ఆ పేజీ దగ్గర మాట రాలేదు. నేను ఆ వాక్యం రాసింది ఇదంతా చూసిన తరువాతే అని ఒప్పుకోవాలి.

నిరుడు నేనే ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు, జీతం స్లిప్పులన్నీ సక్రమంగా ఉన్నా, అవతలివారు ముందుగా అడిగింది నా వీసా ఇంకా ఎన్ని నెలలుందని. డిపాజిట్ కూడా ఎక్కువ కట్టమన్నారు. వారం రోజులు ఇంట్లో అదే గొణుగుడు: కష్టపడి సంపాదించేవాణ్ణి, నన్ను నమ్మరేమిటని. ఆ కష్టార్జితం అన్న మాటనే తరువాత ఈ పేకాటగాడి మీద కొలబద్దగా వాడాను కాబోలు. మేనేజరు అన్నది తప్పని వాదించడానికి నా దగ్గర ఇంతకంటే ఏమీ మిగలలేదు.

చివరకు నర్సుగా పనిచేసే అతని భార్య జీతం మీదే దరఖాస్తు పంపాము. అతని గెలుపులు డిపాజిట్‌లోకి వెళ్లాయి. వాళ్లు అనుకున్న ఇల్లు కాదు, ఒక గది తక్కువున్నది వచ్చింది. ఫైలులో నేను కొత్తగా, "పన్ను పత్రాలు లేవు. ఆరేళ్ల లెక్కల పుస్తకం స్వయంగా చూశాను" అని రాశాను. రెండో వాక్యాన్ని కూడా మేనేజరు కొట్టేశారు, పుస్తకం కూడా నిబంధనల్లో లేదని. ఆ కొట్టివేత మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.