బాల్కనీ గాలి లెక్క: మూడో వారం

ప్రస్తుతం ఒకే డబ్బాలో రెండు పీఎంఎస్5003లు (గాలిలోని సన్న ధూళిని లేజర్‌తో కొలిచే సెన్సర్లు), తేమ కోసం ఒక బీఎంఈ280, ఒక ఈఎస్‌పీ32 (సెన్సర్లను చదివి వైఫైలో పంపే చిన్న బోర్డు) ఉన్నాయి. ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఎంక్యూటీటీ బ్రోకర్ (సందేశాలు అందుకుని పంచే ప్రోగ్రాం), మూడు పైథాన్ ఏజెంట్లు (చిన్న ప్రోగ్రాములు) నడుస్తున్నాయి: ఒకటి సేకరిస్తుంది, ఒకటి తనిఖీ చేస్తుంది, ఒకటి సూచీ కడుతుంది. పని అంతా మధ్యదానిదే.

పీఎంఎస్‌కి 5 వోల్టులు ఇవ్వాలి. డేటా పిన్ మాత్రం 3.3 వోల్టులదే కాబట్టి బోర్డుకి నేరుగా కలిపేయొచ్చు. డేటా వేగం సెకనుకి 9600 బిట్లు. ఒక్కో ఫ్రేము (సెన్సర్ ఒకసారి పంపే డేటా) 32 బైట్లు, మొదటి రెండూ హెక్స్‌లో 42, 4డి. మొదటి 30 బైట్ల మొత్తం చివరి రెండు బైట్లతో సరిపోకపోతే ఆ ఫ్రేము చెత్తబుట్టకే. సెన్సర్‌ని నిద్ర లేపాక 30 సెకన్ల దాకా వచ్చే అంకెల్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అసలు తలనొప్పి తెల్లవారుజాము తేమ. కణాలు నీరు పీల్చుకుని ఉబ్బితే లేజర్‌కి పెద్దవిగా కనబడతాయి. ఇదే సెన్సర్ వాడే పర్పుల్ ఎయిర్ మీటర్ల కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన సూత్రం: 0.524 × రీడింగ్ − 0.0862 × తేమ శాతం + 5.75. రీడింగ్ 100, తేమ 90 అయితే దాదాపు 50 వస్తుంది. ఇందులో రీడింగ్‌గా వేయాల్సింది ఫ్రేములోని సీఎఫ్1 విలువ (ప్రామాణిక కణాలతో కట్టిన లెక్క). దాని పక్కనే ఉన్న 'వాతావరణ' విలువ వేస్తే, గాలి మురికిగా ఉన్నప్పుడు లెక్క తప్పుతుంది. పైగా అది అక్కడి గాలికి కట్టిన సూత్రం, అందుకే ముడి అంకె కూడా దాస్తున్నాం.

రెండు సెన్సర్ల మధ్య తేడా ఘనమీటరుకి 10 మైక్రోగ్రాములు, 50 శాతం రెండూ దాటితే తనిఖీ ఏజెంట్ ఆ నిమిషాన్ని పక్కన పెడుతుంది. తిరగమోత పొగకి రెండూ కలిసే లేస్తాయి. దాన్ని కొట్టేయదు, 'స్థానికం' అని గుర్తు పెడుతుంది.

సూచీ ఏజెంట్ మొదట్లో నిమిషం అంకెకే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) కట్టేసింది. మన దేశ పద్ధతిలో పీఎం2.5కి (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలకి) 24 గంటల సగటు, కనీసం 16 గంటల డేటా ఉండాలి. సగటు 75 అయితే 61–90 మెట్టులో పడి ఉపసూచీ (ఒక్క కాలుష్యకానికే కట్టే సూచీ) 150 దగ్గర వస్తుంది. ఏక్యూఐ అనాలంటే కనీసం మూడు కాలుష్యకాలు కొలవాలి, కాబట్టి తెరమీద 'పీఎం2.5 ఉపసూచీ' అనే రాశాం.

ఇంకో బగ్: కరెంటు పోయి వచ్చాక బోర్డు టైమ్ సర్వర్‌ని అందుకునేలోపే సందేశాలు పంపేసింది, అన్నిటి మీదా 1970 జనవరి 1, ఉదయం 5:30 (కంప్యూటర్ గడియారపు సున్నా, మన టైమ్‌లో). ఇప్పుడు 2020కి ముందు తేదీ ఉన్నదేదీ బ్రోకర్ దాటదు.