పడవ మునిగిన చోట తెర నల్లబడింది

నిన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి ఈసారి ఫోన్‌లో కాకుండా నా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో లైవ్ చూపిద్దామని బుద్ధి పుట్టింది.

దీనికి యూఎస్‌బీ పెడితే ఫొటోలు కాపీ అవుతాయంతే, వీడియో రాదు. అందుకే కెమెరా వీడియోని కంప్యూటర్‌కి అందించే హెచ్‌డీఎమ్‌ఐ క్యాప్చర్ కార్డు కొన్నా. తీరా చూస్తే కెమెరాకి ఉన్నది మినీ హెచ్‌డీఎమ్‌ఐ, నా దగ్గరున్నది టీవీ కేబుల్. వ్రతం ముందురోజు రాత్రి 9 గంటలకి షాపుల చుట్టూ తిరిగా.

కార్డు పెట్టగానే, లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో మామూలు వెబ్‌క్యామ్‌లాగే కనిపించింది. అబ్బ, ఏం క్లారిటీ! కలశం మీది కొబ్బరికాయ పీచు లెక్కపెట్టొచ్చు. కాకపోతే సరిగ్గా పంతులుగారి నుదుటి మీద ఫోకస్ డబ్బా, మూలన బ్యాటరీ బొమ్మ. కెమెరా తన తెర మీదున్నదంతా యథాతథంగా బయటికి పంపేస్తోంది మరి. ఇన్ఫో బటన్ నొక్కగా నొక్కగా బొమ్మలు పోయాయి. డబ్బా మాత్రం ఆటోఫోకస్ ఆపేదాకా పోలేదు.

ఆ బ్యాటరీ బొమ్మని ఉంచాల్సింది.

నాలుగో కథలో, కళావతి ప్రసాదం మరిచి పరుగెత్తగానే పడవ మునిగింది, ఇక్కడ తెర నల్లబడింది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద బొమ్మ ఆగకుండా చూపిస్తున్నప్పుడు, సెన్సర్ అంతసేపూ పనిచేస్తూనే ఉంటుంది, బ్యాటరీ ఎక్కడ ఆగుతుంది?

అక్కడ అర్ధరాత్రి దాటినా మేలుకునున్న తమ్ముడి మెసేజ్: "అన్నయ్యా, పడవ తేలిందా లేదా?"

అమ్మ తన ఫోన్ తీసి పంచదార డబ్బాకి ఆనించింది. మిగతా వ్రతమంతా దాంట్లోనే. ఇవాళ పొద్దున గోడ ప్లగ్గుకి పెట్టే డమ్మీ బ్యాటరీ ఆర్డరిచ్చా, అమ్మకి చెప్పలేదు.