సోర్సు రాదు, డాట్ ఓ ఫైలే దిక్కు

జర్మనీలో స్టుట్‌గార్ట్, మ్యూనిక్, ఇంగోల్‌స్టాట్ వైపు కార్ల సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన మనవాళ్లకి తరచుగా తగిలేది ఇంటిగ్రేషన్ పని. అందులో కొత్తగా రాసే కోడ్ తక్కువ. ఒక సప్లయర్ ఇచ్చిన డ్రైవర్లు, ఇంకో సప్లయర్ ఇచ్చిన కంట్రోల్ మాడ్యూలు, మన టీమ్ రాసిన నాలుగు ఫైళ్లు, ఇవన్నీ కలిపి ఒకే కంట్రోల్ యూనిట్‌లో నడిపించాలి. సప్లయర్ నుంచి వచ్చేది ఒక డాట్ ఏ లైబ్రరీ (కంపైల్ అయిన డాట్ ఓ ఫైళ్లని, అంటే ఆబ్జెక్ట్ ఫైళ్లని, కట్టిన మూట), కొన్ని హెడర్ ఫైళ్లు, ఒక పీడీఎఫ్. సోర్సు కాంట్రాక్టులోనే ఉండదు కాబట్టి అడిగినా రాదు.

బోర్డు మీద వేగం విలువ తప్పు వస్తుంది. "మా వైపు అంతా సరిగ్గానే ఉంది" అంటాడు సప్లయర్. మన టీమ్ కూడా అదే మాట అంటుంది. మీటింగ్ సగంలో ఇంగ్లిష్ నుంచి జర్మన్‌లోకి జారిపోతుంది. బీ1 (మధ్యస్థాయి పరీక్ష) పాసైన జర్మన్‌తో అక్కడ వాదనకి దిగితే నెగ్గుకు రావడం కష్టం. అదే ఆబ్జెక్ట్ ఫైలు నుంచి తీసిన పది లైన్ల డంప్ తెర మీద పెడితే వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ పనిలోకి వచ్చినవాళ్లు కంపైల్ అయిన ఫైళ్ల లోపల ఏముందో చూపించే టూల్స్ రీడ్‌ఎల్ఫ్, ఎన్ఎమ్, ఆబ్జ్‌డంప్ మూడూ చేతికి అలవాటయ్యేలా నేర్చుకోవడం మంచిది. కింద రాసిన ఆప్షన్లన్నీ చిన్న అక్షరాలే. పెద్దక్షరమైన చోట ఆ మాట విడిగా చెప్పాను.

లైబ్రరీ చేతికి రాగానే "ఏఆర్ టి" కొట్టి లోపల ఏ ఫైళ్లున్నాయో చూడండి, "ఏఆర్ ఎక్స్" తో బయటికి తీయండి. ఖాళీ డైరెక్టరీలో తీయాలి. ఒకే పేరుతో రెండు ఫైళ్లున్న లైబ్రరీలు ఉంటాయి, రెండోది మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది, చప్పుడు కూడా చేయదు. ఆ తర్వాత "రీడ్‌ఎల్ఫ్ -హెచ్". మొదటి నాలుగు బైట్లు 7ఎఫ్ 45 4సి 46 అయితే అది ఎల్ఫ్ (కంపైల్ అయిన కోడ్‌ని దాచే ఒక ఫైలు పద్ధతి) ఫైలే. టైపు దగ్గర ఆర్ఈఎల్ అని ఉంటే ఇంకా లింక్ కాని, అంటే మిగతా ఫైళ్లతో కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా చేయని, డాట్ ఓ. మెషిన్ దగ్గర ఏ ప్రాసెసరో తెలుస్తుంది: లోపలి నంబరు 40 అయితే ఆర్మ్, 62 అయితే ఎక్స్86-64, 183 అయితే ఏఆర్చ్64. 44 అయితే ట్రైకోర్, జర్మన్ కార్లలో పనిచేసేవాళ్లకి రోజూ కనిపించేది. ఆ చిప్ ఇన్ఫినియాన్‌దైనా రీడ్‌ఎల్ఫ్ మాత్రం "సీమెన్స్ ట్రైకోర్" అనే చూపిస్తుంది. ఇన్ఫినియాన్ 1999లో సీమెన్స్ నుంచి విడిపోయింది, టూల్‌లో పాత ఇంటిపేరే మిగిలింది.

కొత్తవాళ్లు ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో ఉన్న మామూలు ఆబ్జ్‌డంప్‌తో ఆర్మ్ ఫైలు తెరిస్తే "అన్‌నోన్ ఆర్కిటెక్చర్‌ని డిసెంబుల్ చేయలేను" అని మొండికేస్తుంది. డిసెంబుల్ అంటే మెషిన్ కోడ్‌ని మనం చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చడం. ఫైలు పాడైందని సప్లయర్‌కి మెయిల్ పెట్టకండి. ఆ ఆబ్జ్‌డంప్‌ని మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ కోసమే బిల్డ్ చేశారు, అంతే. ఆర్మ్ టూల్‌చైన్‌తో వచ్చే ఆబ్జ్‌డంప్ వాడాలి, లేదా ఉబుంటులో బైన్‌యుటిల్స్ మల్టీఆర్చ్ ప్యాకేజీ వేసుకోవాలి. రీడ్‌ఎల్ఫ్‌కి ఈ బాధ లేదు, ఏ ప్రాసెసర్ ఎల్ఫ్ ఫైలైనా హెడర్, సెక్షన్లు, సింబల్స్ చదివేస్తుంది. టాస్కింగ్, గ్రీన్ హిల్స్ లాంటి డబ్బు కట్టి కొనే కంపైలర్లు కూడా ఎల్ఫ్ ఫైళ్లే ఇస్తాయి కాబట్టి వాటి మీదా ఇది పనిచేస్తుంది. డిసెంబ్లీ కావాలంటే మాత్రం వాటి సొంత టూల్స్ ఉన్నాయి, ఆర్మ్ కంపైలర్‌కి ఫ్రమ్ఎల్ఫ్ ఉన్నట్టు.

ఎన్ఎమ్ ప్రతి సింబల్ (ఫంక్షన్ లేదా వేరియబుల్ పేరు) పక్కన చూపించే అక్షరాల్లో నిజంగా పనికొచ్చేవి కొన్నే. చిన్న అని చెప్పనివి ఇక్కడ పెద్దక్షరాలే. పెద్ద టి అంటే ఆ ఫంక్షన్ ఇక్కడే ఉంది, బయటివాళ్లు వాడుకోవచ్చు. చిన్న టి అంటే ఉంది కానీ ఆ ఫైలు దాటి బయటికి కనపడదు, సీలో స్టాటిక్ అని రాసింది. యు అంటే ఇక్కడ లేదు, ఎక్కడినుంచో రావాలి. డి, బి అంటే గ్లోబల్ వేరియబుల్స్, బి లోవి సున్నాతో మొదలవుతాయి. సి కనిపిస్తే అది విలువ ఇవ్వకుండా డిక్లేర్ చేసిన కామన్ వేరియబుల్. 2020లో వచ్చిన జీసీసీ (ఉచితంగా దొరికే కంపైలర్) 10 నుంచి డీఫాల్ట్ మారి ఇలాంటివి బి లోకి వెళ్తున్నాయి. ఏళ్ల తరబడి బిల్డ్ అయిన కోడ్ కొత్త కంపైలర్‌లో "మల్టిపుల్ డెఫినిషన్" అని పడిపోతే ముందు దీన్నే అనుమానించాలి: హెడర్‌లో ఎక్స్‌టర్న్ మర్చిపోయి ఉంటారు.

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వస్తే అన్ని ఫైళ్ల మీదా "ఎన్ఎమ్ -పెద్ద ఏ" కొట్టి ఆ పేరు వెతకండి. అంతటా యు యే ఉంటే కోడ్ నిజంగానే రాలేదు. ఒకచోట పెద్ద టి ఉండి కూడా లింకర్ దొరకలేదంటే లైబ్రరీల వరసే తప్పు: లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది, అడిగేవాడు ముందు, ఇచ్చేవాడు తర్వాత రావాలి. పేరు ముందు అండర్‌స్కోర్ జెడ్ ఉంటే అది సీ++ మార్చిన పేరు. ఒకవైపు మామూలు పేరు, ఇంకోవైపు అండర్‌స్కోర్ జెడ్ పేరు కనిపిస్తే హెడర్‌లో ఎక్స్‌టర్న్ సి లేదు. పేరులో "సీఎక్స్ఎక్స్11" అన్న ముక్క ఒకవైపే కనిపిస్తే, ఒకరు జీసీసీ 5కి ముందరి స్ట్రింగ్ పద్ధతితో, ఇంకొకరు తర్వాతి దానితో కంపైల్ చేశారు.

డబ్ల్యు అంటే వీక్, మామూలు డెఫినిషన్ ఇంకోటి లింక్‌లోకి వస్తే తప్పుకునేది. ఇది చేసే అల్లరి వేరే స్థాయి. స్టార్టప్ ఫైల్లో ప్రతి ఇంటరప్ట్‌కీ (ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి చూడాల్సిన పిలుపు) ఒక వీక్ హ్యాండ్లర్, అంటే దానికి జవాబిచ్చే ఫంక్షన్, ఉంటుంది, లోపల అనంతంగా తిరిగే లూపు తప్ప ఏమీ ఉండదు. అసలు హ్యాండ్లర్ రాసి సప్లయర్ లైబ్రరీలో పెడతాడు. లింక్ ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. మొదటి ఇంటరప్ట్ రాగానే బోర్డు బిగుసుకుపోతుంది. లింకర్ లైబ్రరీ తెరిచేది తీరని యు ల కోసమే. వీక్ అయినా సరే ఆ పేరుకి ఒక డెఫినిషన్ అప్పటికే దొరికింది కదా, ఇక లైబ్రరీలోని ఫైలు జోలికి పోదు. ఫైనల్ ఎల్ఫ్ మీద ఎన్ఎమ్ కొడితే ఆ హ్యాండ్లర్ పక్కన టి బదులు డబ్ల్యు ఉంటుంది, తీర్పు అయిపోయినట్టే. మందు కూడా సులువే: ఆ డాట్ ఓ ఫైలుని లైబ్రరీ నుంచి తీసి నేరుగా లింక్‌కి ఇవ్వండి, లేదా ఆ లైబ్రరీకి హోల్ ఆర్కైవ్ ఆప్షన్ పెట్టండి, తర్వాతి లైబ్రరీకి ముందు దాన్ని నో హోల్ ఆర్కైవ్‌తో మూసేయండి.

ఇక వేగం విలువ తప్పు వచ్చిన కేసు. ఆర్మ్ ఫైలైతే "రీడ్‌ఎల్ఫ్ -పెద్ద ఏ" కొట్టి రెండు వైపుల జాబితాలూ పక్కపక్కన పెట్టండి. వీఎఫ్‌పీ ఆర్గ్స్ అన్న లైను ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఫ్లోట్ విలువల్ని ఒకరు ఫ్లోటింగ్ రిజిస్టర్లలో, ఇంకొకరు మామూలు రిజిస్టర్లలో పంపిస్తున్నారు. అది లింకర్ దగ్గరే పట్టుబడుతుంది. ఎనమ్ (పేర్లు పెట్టిన విలువల టైపు) సైజు లైను అంత మంచిది కాదు. ఒకవైపు "స్మాల్", ఇంకోవైపు "ఇంట్" ఉంటే లింకర్ వార్నింగ్ ఒక్కటే ఇస్తుంది. వార్నింగులు ఎక్కువయ్యాయని బిల్డ్ స్క్రిప్టులో ఎవరో ఎప్పుడో నో ఎనమ్ సైజ్ వార్నింగ్ అని పెట్టేసి ఉంటారు.

స్ట్రక్చర్‌లో మూడే మెంబర్లు అనుకోండి: మోడ్ అనే ఎనమ్, ఒక బైటు కౌంటు, నాలుగు బైట్ల వేగం. స్మాల్ ఎనమ్‌తో మోడ్ 0 దగ్గర, కౌంటు 1 దగ్గర, వేగం 4 దగ్గర ఉంటాయి. ఇంట్ ఎనమ్‌తో మోడ్ ఒక్కటే నాలుగు బైట్లు తింటుంది, కౌంటు 4కి, వేగం 8కి జరుగుతాయి. రెండు డాట్ ఓ ఫైళ్ల మీదా "ఆబ్జ్‌డంప్ -డి" కొట్టి ఆ ఫంక్షన్లు చూస్తే, ఒకవైపు ఆర్0 (స్ట్రక్చర్ అడ్రసు ఉన్న రిజిస్టర్) మీద 8 కలిపి ఎస్‌టీఆర్‌తో రాస్తున్నారు, ఇంకోవైపు ఆర్0 మీద 4 కలిపి ఎల్‌డీఆర్‌తో చదువుతున్నారు. చదివేవాడికి వేగం బదులు కౌంటు, దాని వెనకున్న మూడు ఖాళీ బైట్ల చెత్త దొరుకుతాయి. హెడర్ ఒకటే, సోర్సు ఇద్దరిదీ సరైనదే, అందుకే ఇద్దరూ "మా వైపు తప్పు లేదు" అన్నారు. ఈ రెండు లైన్లూ పక్కపక్కన పెట్టాక ఆ మాట మళ్లీ వినపడదు.

డిసెంబ్లీ చదివేటప్పుడు ఆర్ ఆప్షన్ వదలకండి, "-డిఆర్" అనే కొట్టండి. లింక్ కాని ఫైల్లో కాల్ ఎక్కడికి వెళ్లాలో ఇంకా రాసి ఉండదు. ఎక్స్86-64లో అడ్రసు 4 దగ్గర ఈ8 00 00 00 00 అని కనిపిస్తుంది, ఆబ్జ్‌డంప్ దాన్ని "9కి కాల్" అని చదువుతుంది. అంటే తన తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌నే పిలుస్తున్నట్టు. కంపైలర్‌లో బగ్ దొరికిందని ఎగిరి గంతేసేవాళ్లు ప్రతి టీమ్‌లో ఒకరుంటారు. ఆర్ ఆప్షన్ పెడితే కిందే 5 దగ్గర రీలొకేషన్ (లింకర్ తర్వాత ఏం నింపాలో చెప్పే గుర్తు) లైను వస్తుంది: పీఎల్‌టీ32, ఫంక్షన్ పేరు, మైనస్ 4. ఆ మైనస్ 4 ఎందుకంటే, దూరాన్ని ప్రాసెసర్ కాల్ అయిపోయిన చోటు నుంచి, అంటే 9 నుంచి లెక్కిస్తుంది, లింకర్ నింపాల్సిన గడి 5 దగ్గర మొదలవుతుంది. తేడా నాలుగు. ఆర్మ్ థంబ్‌లో ఇదే గడి ఎఫ్7ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ఎఫ్ఈ అని కనిపిస్తుంది, సంగతి అదే.

ఆబ్జ్‌డంప్‌లో కోడే కనిపించకపోతే, సెక్షన్ల పేర్లలో "జీఎన్‌యూ డాట్ ఎల్‌టీఓ" ఉందేమో చూడండి. ఎల్‌టీఓతో (లింక్ సమయంలో ఆప్టిమైజ్ చేసే పద్ధతి) కంపైల్ చేసిన ఫైల్లో సాధారణంగా మెషిన్ కోడ్ ఉండదు, అది లింక్ సమయంలో పుడుతుంది. సప్లయర్‌కీ మనకీ కంపైలర్ వెర్షన్ వేరైతే ఆ ఫైలు మనకి పనికిరాదు. ఎల్‌టీఓ లేకుండా ఇమ్మని అడగడమే.

డీబగ్ సమాచారం తీయకుండా పంపిన లైబ్రరీ అయితే పంట పండినట్టే. "రీడ్‌ఎల్ఫ్" కి డీబగ్ డంప్ ఇన్ఫో ఆప్షన్ ఇస్తే ప్రొడ్యూసర్ లైన్లో కంపైలర్ వెర్షన్, చాలాసార్లు ముఖ్యమైన ఫ్లాగులు కూడా ఉంటాయి. ఎనమ్ గొడవ అక్కడే తేలిపోవచ్చు. ఆ పక్కనే కంపైల్ చేసిన డైరెక్టరీ, దాంతోపాటు ఎవరి లాగిన్ పేరో కనిపిస్తుంది. యూరప్‌లో అది వ్యక్తిగత సమాచారం కింద లెక్క, టికెట్‌లో (సప్లయర్‌కి రాసి పెట్టే సమస్య నివేదిక) అతికించే ముందు చెరిపేయండి. మన కంపెనీ నుంచి బయటికి వెళ్లే లైబ్రరీలకి ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్ ఆప్షన్ పెడితే మన పేర్లూ బయటికి పోవు, జీసీసీ 8 నుంచి అది ఉంది.

ఇక్కడ చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. జర్మన్ కాపీరైట్ చట్టంలో 69ఈ సెక్షన్, యూరోపియన్ యూనియన్ 2009/24 డైరెక్టివ్ ఆరో ఆర్టికల్, రెండూ డీకంపైల్ చేయడాన్ని వేరే ప్రోగ్రామ్‌తో కలిపి పనిచేయించడానికి అవసరమైనంత మేరకే అనుమతిస్తాయి. 2021 అక్టోబరులో టాప్ సిస్టమ్ కేసులో యూరోపియన్ కోర్టు, ప్రోగ్రామ్‌ని హక్కుతో కొన్నవాళ్లు తప్పులు సరిచేసుకోవడానికి కూడా, కాంట్రాక్టు షరతులకి లోబడి, చేయొచ్చంది. సింబల్స్, హెడర్లు చూడటం వేరు, సప్లయర్ అల్గోరిథమ్ మొత్తాన్ని డిసెంబుల్ చేసి నోట్సు రాసుకోవడం వేరు. లైసెన్సులో రివర్స్ ఇంజనీరింగ్ గురించి ఏం రాశారో లీగల్ వాళ్లని ముందే మెయిల్‌లో అడగండి. మాటల్లో "పర్లేదు" అన్నది లెక్కలోకి రాదు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్నవాళ్లం, ఈ విషయంలో స్థానికుల కన్నా రెండాకులు ఎక్కువ జాగ్రత్త అవసరం.

టికెట్ ఎప్పుడు పెడతారన్నది కూడా పనిలో భాగమే. సప్లయర్ డెవలపర్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు వాళ్లు ముందుంటారు. చలికాలంలో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడ సాయంత్రం అయిదు. అది దాటితే జవాబు మర్నాటికే. రాత్రి దాకా కూర్చుని సాధిద్దామంటే ఇక్కడ రోజుకి పది గంటల పైన పని చేయనివ్వరు, మర్నాడు మొదలుపెట్టే ముందు పదకొండు గంటల విరామం ఉండాలి. తెలుగువాళ్లే అవతల ఉన్నా, ఫోన్‌లో "అన్నా, కాస్త చూడవా" అని తేల్చుకున్నా, చివరికి అది టికెట్‌లోకి రావాల్సిందే. ఇంజనీరింగ్ సర్వీస్ కంపెనీ ద్వారా అద్దె పద్ధతిలో వచ్చినవాళ్లని ఒకే చోట మామూలుగా 18 నెలలకి మించి ఉంచకూడదని చట్టం. మీరు వెళ్లాక ఆ సీట్లోకి వచ్చేవాళ్లకి మిగిలేది ఆ టికెట్టే.

టికెట్‌లో డంప్ మొత్తం అతికిస్తే ఎవరూ చదవరు. కొట్టిన కమాండ్ అక్షరం పొల్లుపోకుండా, టూల్ వెర్షన్, రెండు వైపులా తేడా చూపించే లైన్లు అయిదారు చాలు. డాట్ ఏ ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 సమ్ (ఫైలు సరిగ్గా ఏదో గుర్తుపట్టించే వేలిముద్ర లాంటి సంఖ్య) మాత్రం మొదటి లైన్లోనే పెట్టండి. అది లేకపోతే అవతలివాళ్లు తమ దగ్గరున్న కొత్త డెలివరీ మీద అదే కమాండ్ కొట్టి, "మాకు అలా రావడం లేదు" అని టికెట్ మూసేస్తారు.