వారాంతపు రౌతుకి డ్రెస్సాజ్ పోటీ: మార్కుల షీటు కోసం నా అనుభవం

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, వారానికి ఒకటి రెండు పాఠాలు, అదీ రైడింగ్ స్కూలు గుర్రం మీద నేర్చుకునే మాలాంటి వాళ్లకి డ్రెస్సాజ్ పోటీ దేనికని అడుగుతుంటారు. డ్రెస్సాజ్ అంటే ముందే రాసిపెట్టిన కదలికల వరుసని, అంటే టెస్టుని, అరీనాలో గుర్రం చేత చేయించి చూపడం. నేను వెళ్లేది షీటు కోసం. నాలుగైదు నిమిషాల టెస్టులో ప్రతి కదలికకీ జడ్జి సున్నా నుంచి పది దాకా మార్కు వేసి, పక్కన కారణం రాయిస్తారు. రోజూ చూసే కోచ్ కళ్లకి అలవాటైపోయిన లోపం కొత్త జడ్జికి ఇట్టే దొరుకుతుంది.

ముందు స్కూలింగ్ షోకి, అంటే సాధన కోసం పెట్టే చిన్న పోటీకి, వెళ్లాలి. గుర్తింపు పొందిన షోలకి కావలసిన సభ్యత్వాలు, గుర్రం రిజిస్ట్రేషన్ ఇక్కడ చాలావరకు అక్కర్లేదు. కాగిన్స్ రిపోర్టు మాత్రం అడుగుతారు. గుర్రానికి అంటు రక్తహీనత లేదని చెప్పే రక్తపరీక్ష అది. చాలాచోట్ల 12 నెలల లోపుది ఉండాలి. ఎంట్రీ పంపేముందే బార్న్‌లో కాపీ అడిగి తీసుకోండి. మార్టింగేల్ (గుర్రం తల మరీ పైకెత్తకుండా కట్టే పట్టీ), కాళ్లకి కట్టే బ్యాండేజీలు వార్మప్ అవగానే తీసేయాలి, వాటితో టెస్టులోకి వెళ్లకూడదు.

మొదటి మెట్టైన ఇంట్రడక్టరీ లెవెల్ టెస్ట్ ఎ, బిలలో నడక, ట్రాట్ (చిన్న పరుగు) మాత్రమే ఉంటాయి. అంతకంటే వేగమైన క్యాంటర్ టెస్ట్ సిలో వస్తుంది. తేలికేనన్న మాట గానీ, 20 మీటర్ల వృత్తం దగ్గరే మార్కులు పోతాయి. అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు అనుకుందాం. దాని చుట్టూ గుర్తులుగా అక్షరాలుంటాయి: ఎ, సి ఎదురెదురు పొట్టి గోడల మధ్యలో ఉంటాయి. ఎ దగ్గర మొదలయ్యే వృత్తం పొడుగు గోడల్ని మూలనుంచి 10 మీటర్ల దగ్గర తాకి, మధ్యలో ఎక్స్ మీదుగా రావాలి. కె, ఎఫ్ అక్షరాలు ఉండేది మాత్రం మూలనుంచి 6 మీటర్లకే. అక్షరం కంటపడగానే అక్కడికే వెళ్లి గోడ తాకితే వృత్తం కాస్తా చదరమైపోతుంది. నాలుగు స్పర్శబిందువుల దగ్గర నాలుగు కోన్లు పెట్టి, ఒక్కో పావుకి ట్రాట్ అడుగులు లెక్కపెట్టండి. నాలుగూ సమానంగా రావాలి. గేటు వైపు పావులో అడుగులు పెరిగితే గుర్రం బయటి భుజం జారుతున్నట్టు. అప్పుడు లోపలి పగ్గం లాగితే ఇంకా జారుతుంది. బయటి పగ్గం నిలకడగా పట్టి, లోపలి కాలు వాడాలి.

పగ్గాలు వదులుచేసి నడిపించే ఫ్రీ వాక్‌ని విశ్రాంతి అనుకుంటారు గానీ, దాని మార్కు రెట్టింపవుతుంది. అయిదు ఏడైతే మొత్తంలో నాలుగు మార్కులు కలుస్తాయి! గుర్రం మెడ ముందుకీ కిందికీ చాచి, చురుగ్గా నడవాలి. చెడేది చివర్లో: పగ్గాలు ఒక్కసారిగా లాక్కుంటే తల పైకెత్తి ట్రాట్‌లోకి దూకుతుంది. అక్షరానికి నాలుగైదు అడుగుల ముందునుంచే కొద్దికొద్దిగా పోగుచేసుకోవాలి.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న మాట, ఎ నుంచి సి దాకా అరీనా మధ్యగా పోయే సెంటర్ లైన్ మీద అక్షరాలా నిజం. భయంతో ట్రాట్ నెమ్మదిస్తే గుర్రం అటూ ఇటూ ఊగుతుంది. కాస్త జోరుగా, సి దగ్గరున్న జడ్జినే చూస్తూ వస్తే గీత తిన్నగా వస్తుంది. టెస్టు చదివి వినిపించడానికి మనిషిని పెట్టుకోవచ్చు, కానీ వాళ్లు తప్పు చదివినా లెక్క మనదే. కాబట్టి కంఠతా వచ్చి తీరాలి. దారి తప్పితే గంట మోగుతుంది. ఆగి, జడ్జి చెప్పిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టండి. మొదటిసారికి పోయేది కొద్ది మార్కులే.

షీటు చేతికొచ్చాక శాతం సంగతి పక్కనపెట్టి వ్యాఖ్యలు చదవండి. ఆరంటే సంతృప్తికరం, నాలుగంటే సరిపోలేదని. 'వంపు లేదు' అన్నది మూడుచోట్ల ఉండి, మూడూ ఎడమ వృత్తాలే అయితే, చూసుకోవలసింది మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి. రెట్టింపు మార్కుల గళ్లలో అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని, పదేపదే కనబడిన వ్యాఖ్యనీ గుర్తుపెట్టి షీటు కోచ్‌కి ఇస్తాను. తర్వాతి పాఠాలు ఆ రెండింటి మీదే. వేర్వేరు జడ్జీల దగ్గర 60 శాతం దాటి నిలకడగా వస్తుంటే పై టెస్టు సంగతి మాట్లాడుకుంటాం.